హైదరాబాద్‌లో ఎక్కడ తినాలని అడిగినవాళ్లకు ఏం చెప్పాలి, ఎలా చెప్పాలి

బంధువు ఫోన్ చేస్తాడు. "శనివారం పిల్లలతో హైదరాబాద్ వస్తున్నాం, తినడానికి నాలుగు మంచి చోట్లు చెప్పు" అంటాడు. మీరు గుర్తొచ్చిన పది పేర్లు వాట్సాప్‌లో పంపిస్తారు. వాళ్లు సాయంత్రం నాలుగింటికి ఆ పేరున్న ఏదో ఒక బ్రాంచికి వెళ్లి, మెనూలో అన్నిటికన్నా ఖరీదైన ‘స్పెషల్’ బిర్యానీ చెప్పి, హండీ అడుగున మిగిలిన ముద్ద తిని, "ఇంతేనా మీ బిర్యానీ?" అని పెదవి విరుస్తారు. హోటల్ మంచిదే. చెప్పిన తీరే బాగాలేదు.

ఈ ఊళ్లో ప్రతి వంటకానికీ ఒక వేళ ఉంది. మాంసం పులుసు నిహారీ తెల్లారగట్ల. ఇడ్లీ బండి ఎనిమిదిన్నరలోపు. బిర్యానీ మధ్యాహ్నం హండీ మూత తీసిన గంటలో. ఇరానీ చాయ్ నాలుగింటికి. అరబ్బుల మాంసం అన్నం మండీ రాత్రికి. హలీం రంజాన్‌లో. 2019లో యునెస్కో హైదరాబాద్‌ను ఆహార సంస్కృతి విభాగంలో ‘సృజనాత్మక నగరం’గా గుర్తించింది గానీ, ఆ మాట చెప్పామని వంటవాడు నాలుగింటికి మన కోసం కొత్త హండీ తెరవడు. అందుకని సలహా చెప్పేటప్పుడు వరస ఇలా ఉండాలి: మనిషి, వేళ, దిక్కు, వంటకం. హోటల్ పేరు అన్నిటికన్నా చివర.

1. ముందు వాళ్లనే అడగండి

పేర్లు చెప్పే ముందు ఐదు సంగతులు తెలుసుకోండి. రెండు నిమిషాల పని.

ఎక్కడ దిగుతున్నారు? మాదాపూర్‌లో దిగినవాళ్లను టిఫిన్‌కు చార్మినార్ పంపితే పోవడానికే గంటకు పైగా పడుతుంది, ఇరవై కిలోమీటర్ల దారి. నాంపల్లిలోనో సికింద్రాబాద్ స్టేషన్ దగ్గరో దిగినవాళ్లకు లెక్క వేరే.

ఏ పూటలు ఖాళీ? "రెండు రోజులుంటాం" అంటే చాలదు. పెళ్లికి వచ్చినవాళ్లకు మధ్యాహ్నం భోజనం అక్కడే అయిపోతుంది, మిగిలేవి పొద్దున, రాత్రి. ఆసుపత్రి పని మీద వచ్చినవాళ్లకు చేతిలో ఉండేది అరగంటే.

ఏం తినరు? ఇది మొహమాటం లేకుండా విప్పి అడగాలి. "నాన్‌వెజ్ తింటారా?" అంటే అవునంటారు. పాతబస్తీలో దానికి ఇంకో మెట్టుంది. ‘ఛోటే కా’ అంటే మేక, గొర్రె మాంసం. ‘బడే కా’ అంటే ఎద్దు, గేదె మాంసం. నిహారీ, కబాబ్, హలీం రెండు రకాలుగానూ దొరుకుతాయి. ‘కళ్యాణీ బిర్యానీ’ అని బోర్డుంటే అది బడే మాంసంతో చేసేదే. పట్టింపు ఉన్నవాళ్లకు ఒక్క వాక్యం నేర్పి పంపండి: "భాయ్, ఛోటే కా హై నా?" ఇలా అడిగితే ఎవరూ ఏమీ అనుకోరు, రోజూ వినే ప్రశ్నే. శాకాహారుల్లోనూ గుడ్డు ఉన్న బేకరీ బిస్కెట్ తినేవాళ్లు, మాంసం వండే వంటింట్లో చేసిన వెజ్ బిర్యానీ ముట్టనివాళ్లు, ఉల్లి వెల్లుల్లి కూడా వద్దనేవాళ్లు ఉంటారు. ఎవరు ఎంతవరకో కనుక్కోండి.

పిల్లలు, పెద్దవాళ్లు ఉన్నారా? మోకాళ్ల నొప్పులున్న పెద్దమ్మను కింద కూర్చుని తినే మండీకి తీసుకెళ్లకూడదు. చిన్నపిల్లలున్నవాళ్లను ఆదివారం మధ్యాహ్నం ఒంటిగంటకు పేరున్న బిర్యానీ హోటల్‌కు పంపకూడదు. వరసలో నిలబడే ముప్పావుగంట వాళ్ల వల్ల కాదు.

వేరుశనగ పడనివాళ్లు ఉన్నారా? ఈ ప్రశ్న చాలామంది అడగరు. ఇక్కడి టిఫిన్ చట్నీ ఎక్కువగా పల్లీలదే. బిర్యానీతో ఇచ్చే మిర్చీ కా సాలన్‌లో పల్లీలు, నువ్వులు, కొబ్బరి నూరి వేస్తారు. పడనివాళ్లకు ముందే చెప్పకపోతే ప్రాణం మీదికి వస్తుంది.

2. రోజుకు ఒక దిక్కే

మ్యాప్ తెరిచి మూసీకి గీత గీయండి. మూసీకి దక్షిణాన పాతబస్తీ: చార్మినార్, మదీనా, శాలిబండ, ఇంకా కిందికి బార్కస్. ఉత్తరాన నడిమి ఊరు: కోఠి, ఆబిడ్స్, మోజంజాహీ మార్కెట్, నాంపల్లి, లక్డీకాపూల్, హిమాయత్‌నగర్. ఆ పైన సికింద్రాబాద్. పడమట జూబ్లీహిల్స్, మాదాపూర్, గచ్చిబౌలి, కూకట్‌పల్లి. ఒక రోజుకు ఒక దిక్కు, మహా అయితే పక్కదిక్కు ఇంకొకటి కలపండి. పొద్దున చార్మినార్, మధ్యాహ్నం గచ్చిబౌలి, రాత్రి సికింద్రాబాద్ అని రాసిస్తే వాళ్లు తినేది ట్రాఫిక్కే.

మెట్రో ఉన్నచోట దాన్ని నమ్ముకోమనండి. మియాపూర్–ఎల్బీనగర్ ఎర్ర లైన్‌లో లక్డీకాపూల్, నాంపల్లి, గాంధీభవన్, ఎంజీబీఎస్ (మహాత్మాగాంధీ బస్ స్టేషన్) స్టేషన్లు తిండి చోట్లే. గాంధీభవన్‌లో దిగితే మోజంజాహీ మార్కెట్‌కు నడిచిపోవచ్చు. ఆకుపచ్చ లైన్‌లో ఆర్టీసీ క్రాస్‌రోడ్స్, నీలం లైన్‌లో ప్యారడైజ్ పేరుతోనే స్టేషన్లున్నాయి. చార్మినార్‌కు మాత్రం మెట్రో లేదు. ఎంజీబీఎస్‌లో దిగి ఆటో పట్టాలి, సుమారు రెండు కిలోమీటర్లు. శుక్రవారం పన్నెండున్నర నుంచి రెండు దాకా మక్కా మసీదు చుట్టుపక్కల నమాజు రద్దీ ఉంటుంది, ఆ వేళకు అటు పంపకండి.

3. పొద్దున: రెండు దారులు

మొదటిది మాంసం తినేవాళ్ల దారి. ఆరున్నరకల్లా మదీనా చౌరస్తా దగ్గర షాదాబ్‌లో ఉండాలి. నిహారీ చెప్పాలి. రాత్రంతా సన్నటి సెగ మీద ఉడికిన మాంసం పులుసు అది. పాయా (మేక కాళ్లు) కలిపి కావాలంటే అలాగే చెప్పవచ్చు. దానికి జోడీ కుల్చా గానీ నాలుగు మూలల చార్ కోనీ నాన్ గానీ, అన్నం కాదు. నిమ్మకాయ పిండి, రొట్టె తుంచి ముంచుకుని వేడి మీదే తినాలి. చల్లారితే పైన కొవ్వు పేరుకుని పెదవులకు అంటుకుంటుంది, మొదటిసారి తినేవాళ్లకు అక్కడే వెగటు పుడుతుంది. ఇద్దరికి ఒక నిహారీ, మూడు రొట్టెలతో మొదలుపెట్టమనండి. తొమ్మిది దాటాక గిన్నె అడుగుకు వచ్చి, కొవ్వూ మసాలా గడ్డే మిగులుతాయి.

తిన్నాక బండెక్కనివ్వకండి. మదీనా నుంచి పత్తర్‌గట్టి మీదుగా, చార్‌కమాన్ దాటి చార్మినార్‌కు కిలోమీటరు నడక. దుకాణాలు ఇంకా తెరవరు కాబట్టి రోడ్డు ఖాళీగా ఉంటుంది, చార్మినార్ ముందు ఫొటోకు కూడా అదే వేళ. అక్కడే నిమ్రా కేఫ్‌లో చాయ్, పొయ్యి నుంచి అప్పుడే దిగిన ఉస్మానియా బిస్కెట్. కూర్చునే చోటు కోసం వెతక్కుండా నిలబడే తాగమనండి.

రెండోది శాకాహారుల దారి. చార్‌కమాన్ సందుల వైపు గోవింద్ బండి ఉంది. తవా ఇడ్లీ, వెన్న దోసె దాని పేరు నిలబెట్టాయి. ఇడ్లీని పెనం మీద వెన్నలో, కారప్పొడిలో, ఉల్లి టమాటా తరుగులో పొర్లించి ఇస్తారు. దోసె మీద ఉప్మా రాసి, పైన వెన్న, కారం. మోజంజాహీ మార్కెట్ దగ్గర రామ్ కీ బండి కూడా ఇదే తీరు, తెల్లవారుజామున తిరిగేవాళ్లకు అది పాత అలవాటు. ఈ బండ్ల దగ్గర ఒక హెచ్చరిక: మనిషికొక ప్లేటు చెప్పకండి. వెన్న మోతాదు ఎక్కువ, రెండో దోసె సగంలోనే కడుపు నిండిపోతుంది. నలుగురికి రెండు రకాలు రెండు ప్లేట్లు, అవి అయ్యాక చూసుకోవచ్చు.

బండి దగ్గర నిలబడడం కుదరని పెద్దవాళ్లకు ఆబిడ్స్ తాజ్‌మహల్ హోటల్, హిమాయత్‌నగర్ మినర్వా కాఫీ షాప్, నాగార్జున సర్కిల్ చట్నీస్ లాంటివి. కుర్చీ, ఫ్యాను, కడుక్కునే చోటు ఉంటాయి. ఆదివారం తొమ్మిది దాటితే వీటిలోనూ పేరు రాసి నిలబడాలి.

పేరు తెలియని ఇడ్లీ బండిని ఎంచుకోవడం ఎలాగో కూడా చెప్పండి, ఎందుకంటే రోజూ పనికొచ్చేది అదే. ఇడ్లీ రేకులు ఎంత త్వరగా దిగి ఎక్కుతున్నాయో చూడాలి. పది నిమిషాలకో వాయి దిగుతుంటే చట్నీ కూడా తాజాగా రుబ్బుతున్నట్టే. చట్నీ గిన్నె మీద నీళ్లు తేలుతున్నా, పుల్లటి వాసన వచ్చినా పక్క బండికి పోవాలి. ఎండాకాలంలో కొబ్బరి చట్నీ ముందు పాడవుతుంది, పల్లీ చట్నీ కాస్త ఆగుతుంది, కారప్పొడికి ఏ భయమూ లేదు. ప్లేటు మీద కాగితమో ఆకో పరిచే బండి మేలు. ఒకే బకెట్ నీళ్లలో ప్లేట్లన్నీ ముంచి తీసే చోట ఇడ్లీ ఎంత మెత్తగా ఉన్నా వద్దు.

4. మధ్యాహ్నం: బిర్యానీ గురించి కాస్త వివరంగా

అడిగేవాళ్లలో నూటికి తొంభైమంది దీని కోసమే అడుగుతారు, మనం ఎక్కువ తప్పు చెప్పేదీ ఇక్కడే.

ఇక్కడి పద్ధతి కచ్చీ గోష్త్. మసాలాలో నానిన పచ్చి మాంసం అడుగున, సగం ఉడికిన బియ్యం పైన వేసి, మూత అంచుకు పిండి అంటించి దమ్ మీద పెడతారు. మాంసం ఆవిరికే అన్నం పూర్తిగా ఉడుకుతుంది. అందుకే హండీ తెరిచిన మొదటి గంటలో పైన తెల్లటి పొడి అన్నం, మధ్యలో పసుపు, కుంకుమపువ్వు చారలు, అడుగున మసాలా విడివిడిగా ఉంటాయి. వడ్డించేవాడు చిన్న ప్లేటును హండీ అంచు వెంట నిలువుగా దించి మూడు పొరలూ ఒకేసారి పైకి తీస్తాడు. పొద్దు గడిచేకొద్దీ అన్నం విరుగుతుంది, నూనె కిందికి దిగుతుంది, మాంసం పీసులు చిదుగుతాయి. అదే హండీ, అదే వంటవాడు, రెండు గంటల తేడాతో వేరే తిండి.

కాబట్టి వేళ: పన్నెండున్నర నుంచి రెండు. రాత్రికైతే ఏడున్నర నుంచి తొమ్మిది. మూడు నుంచి ఆరు మధ్య బిర్యానీ జోలికి పోవద్దని గట్టిగా చెప్పండి. ఆ వేళకు ఆకలేస్తే చాయ్, సమోసా.

ఎంత చెప్పాలి? మెనూలో ‘సింగిల్’, ‘ఫుల్’, ‘జంబో’, ‘ఫ్యామిలీ’ అని ఉంటాయి. పేరున్న పాత హోటళ్లలో సింగిల్ అంటే ఒక మనిషికి ఎక్కువే. నలుగురికి మూడు సింగిళ్లు సరిపోతాయి. అందులోనూ మొదట రెండే తెప్పించి, సగం అయ్యాక మూడోది చెప్పాలి. అన్నీ ఒకేసారి తెప్పిస్తే చివరి ప్లేటు చల్లారుతుంది. మటన్ సింగిల్ సుమారు 300 నుంచి 400 రూపాయలు, చికెన్ కాస్త తక్కువ. చెప్పేటప్పుడు "మసాలా కూడా వేయండి" అనండి, లేకపోతే పై అన్నం ఎక్కువ పడుతుంది. సాలన్, పెరుగు చట్నీ బిర్యానీతోనే వస్తాయి, అయిపోతే మళ్లీ అడగవచ్చు. దాని కోసం వేరే కూర చెప్పనక్కర్లేదు. ‘స్పెషల్’, ‘బోన్‌లెస్’, ‘65 బిర్యానీ’ అంటే చాలా చోట్ల దమ్ అన్నం మీద వేరే వండిన గ్రేవీ పోసి ఇవ్వడమే. తప్పేమీ లేదు, కానీ హైదరాబాద్ బిర్యానీ రుచి చూడ్డానికి వచ్చినవాళ్లకు అది చెప్పకండి. మొదటిసారి మామూలు మటన్ బిర్యానీయే.

మరి ఎక్కడ? వాళ్లు దిగిన చోటును బట్టి. పాతబస్తీలో ఉంటే షాదాబ్‌ గానీ, శాలిబండ వైపు షా గౌస్‌ గానీ. నడిమి ఊళ్లో ఉంటే బషీర్‌బాగ్ దగ్గర కేఫ్ బహార్. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో బావర్చీ. బావర్చీ అంటే వంటవాడని అర్థం కాబట్టి ఆ పేరు ఊరంతా బోర్డుల మీద కనిపిస్తుంది, మీరు ‘క్రాస్‌రోడ్స్‌లోది’ అని రాయకపోతే వాళ్లు ఇంటి పక్క బావర్చీకే వెళ్తారు. సికింద్రాబాద్‌లో ప్యారడైజ్, 1953లో సినిమా హాలు పక్క కేఫ్‌గా మొదలైంది. పెద్ద కుటుంబానికి, పిల్లలకు, ఏసీ గదికి వీలైన చోటు. వీటిలో ఏది గొప్ప అన్న వాదన ఈ ఊళ్లో ఎప్పటికీ తెగదు. వచ్చినవాళ్లకు అది అనవసరం, పన్నెండున్నరకు దగ్గర్లో ఉన్నదే గొప్పది.

బిర్యానీ రెండు పూటలా తినిపించకండి. రెండో మధ్యాహ్నం భోజనానికి పంపండి. శాకాహారానికి కాకినాడ నుంచి వచ్చిన సుబ్బయ్యగారి హోటల్ శాఖలున్నాయి. ఆకు వేసి, వరసపెట్టి వడ్డిస్తూనే ఉంటారు, కాబట్టి మొదటి పులిహోర, గారె దగ్గరే కడుపు నింపుకోవద్దని ముందే చెప్పాలి. పప్పు, వేపుడు, పచ్చడి, పులుసు, పెరుగు దాకా చోటు మిగలాలి. మాంసాహారానికి జూబ్లీహిల్స్ వైపు స్పైసీ వెన్యూ, రాయలసీమ రుచులు లాంటివి. రాగి సంగటి, నాటుకోడి పులుసు చెబితే సంగటి వేడిగా ఉన్నప్పుడే చిన్న ముద్దలుగా పులుసులో ముంచి మింగాలి, నమిలితే పళ్లకు అంటుకుంటుంది. తెలంగాణ వంట కావాలంటే బగారా అన్నం, మటన్ కూర. దీన్ని చాలామంది అడగరు, మీరే చెప్పాలి. మీల్స్ ఎక్కడ తిన్నా రెండు లోపే కూర్చోవాలి. రెండున్నర దాటితే వేపుడు అయిపోయి దాని స్థానంలో ఇంకోసారి సాంబారు వస్తుంది.

5. నాలుగింటికి చాయ్

ఇరానీ హోటల్లో డికాషన్ వేరే, చిక్కగా కాగిన పాలు వేరే. చాయ్ చెప్పినప్పుడే రెండూ కలుపుతారు. అందుకే అది రోడ్డు మీద అల్లం వేసి మరగబెట్టే టీలా ఉండదు, అల్లం, యాలకులు అడగకండి. తీపి మోతాదు ఎక్కువే ఉంటుంది. ఇద్దరు ఒకటి పంచుకోవాలంటే "వన్ బై టూ" అంటే చాలు. ఉస్మానియా బిస్కెట్‌కు ఉప్పూ తీపీ రెండూ ఉంటాయి, ముంచి మూడు లెక్కపెట్టేలోపు తీసేయాలి, లేకపోతే కప్పు అడుగున చేరుతుంది. ఉల్లిపాయ కూరిన చిన్న సమోసాలు, దొరికితే ఖీమా కూరిన నలుచదరపు లుఖ్మీ. లక్డీకాపూల్, రెడ్‌హిల్స్ వైపు నీలోఫర్ కేఫ్, చార్మినార్ దగ్గర నిమ్రా పేరున్నవి. పేరు లేని మూలమలుపు ఇరానీ హోటల్ ఇంకా మిగిలి ఉంటే అదీ మంచిదే, ముసలివాళ్లు పేపరు చదువుతూ కూర్చున్న చోటు చూసి వెళ్లమనండి.

చాయ్ వద్దనే పిల్లలుంటే మోజంజాహీ మార్కెట్. 1935 నాటి రాతి కట్టడం, లోపల ఆవరణలో కుర్చీలు వేసుకుని కూర్చోవచ్చు. ఫేమస్ ఐస్‌క్రీమ్‌లో కాలాన్ని బట్టి చెప్పాలి: ఎండాకాలంలో మామిడి, అక్టోబరు–నవంబరులో సీతాఫలం. అన్ని కాలాల్లోనూ మామిడి అడిగితే ఇస్తారు గానీ ఆ రుచి రాదు. అక్కడే హమీదీలో జౌజీ హల్వా ఉంటుంది. జాజికాయ ఘాటు, నెయ్యి బరువు, ఒక్కొక్కరికి చిన్న ముక్క చాలు. కోఠిలో గోకుల్ చాట్ సాయంత్రం ఆరు తర్వాత కిక్కిరిసిపోతుంది, అయిదింటికే వెళ్లాలి.

6. రాత్రి

మూడు దారులు చెప్పి ఊరుకోండి. తేలికగా కావాలంటే ఏ కాలనీ రోడ్డు పక్కనైనా ఆరు నుంచి తొమ్మిది దాకా ఆడవాళ్లు అక్కడికక్కడ తట్టి కాల్చే జొన్నరొట్టెలు. రెండు రొట్టెలు, పచ్చిమిర్చి తొక్కు, ఒక కూర. కడుపుకు హాయి, బిర్యానీ తిన్న రోజు రాత్రికి ఇదే మందు. పడమటి దిక్కున ఉన్న కుర్రాళ్లకు గచ్చిబౌలిలో డీఎల్‌ఎఫ్ ఆఫీసుల పక్క తిండి వీధి. రాత్రి పొద్దుపోయాక కూడా తిండి దొరుకుతుంది, అంతకుమించి చెప్పడానికి ఏమీ లేదు.

మూడోది మండీ. నిజాముల కాలంలో యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి సిపాయిలుగా వచ్చిన అరబ్బుల వారసులు ఉండే చోటు బార్కస్, ఆ పేరు సైనికుల బ్యారక్స్ నుంచి వచ్చిందే. మండీలో బిర్యానీ మసాలా ఉండదు, మాంసం రసంలో ఉడికిన సువాసన అన్నం మీద మెత్తటి మాంసం. ఒక్క పెద్ద పళ్లెం చుట్టూ నేల మీద కూర్చుని అందరూ కలిసి తింటారు. ముగ్గురికి ‘ఇద్దరి’ పళ్లెం చెబితే సరిపోతుంది. కారం తక్కువ కాబట్టి పిల్లలకు నచ్చుతుంది, కారం కావాల్సినవాళ్లకు టమాటా చట్నీ ఉంటుంది. మయోనైజ్ విషయంలో జాగ్రత్త. పచ్చిగుడ్డుతో చేసే మయోనైజ్‌ను తెలంగాణ ప్రభుత్వం 2024 అక్టోబరు 30న ఏడాది పాటు నిషేధించింది, విషాహారం కేసులే కారణం. గుడ్డు లేనిదేనా అని అడిగి, గిన్నె బయటే పెట్టి ఉంటే వదిలేయమనండి. శంషాబాద్ నుంచి అర్ధరాత్రి విమానం ఉన్నవాళ్లకు బార్కస్ బాగా కలిసొస్తుంది, విమానాశ్రయం అటువైపే.

7. రంజాన్‌లో వస్తే లెక్క మారుతుంది

ఆ నెలంతా హలీం. రంజాన్ ఏటా పది పదకొండు రోజులు ముందుకు జరుగుతుంది, 2027లో ఫిబ్రవరి రెండో వారంలో మొదలవ్వాలి, నెలవంకను బట్టి ఒక రోజు అటూఇటూ. మాంసం, గోధుమలు, నెయ్యి ఇటుకల భట్టీ మీద గంటల తరబడి ఉడికిస్తూ కర్రలతో దంచితే పీచు పీచుగా సాగే ముద్ద అవుతుంది. 2010లో దీనికి భౌగోళిక గుర్తింపు దక్కింది. చెంచాతో ఎత్తితే సాగాలి. జావలా జారితే మాంసం తక్కువైనట్టు, గంజిలా గడ్డకడితే గోధుమ ఎక్కువైనట్టు. శాలిబండలో పిస్తాహౌస్, ఇంకా షాదాబ్, షా గౌస్ ముందు వరసలు కనిపిస్తాయి. ఇఫ్తార్ వేళకు, అంటే సూర్యాస్తమయానికి అటూఇటూ ముప్పావుగంట వెళ్లకూడదు. ఉపవాసం ఉన్నవాళ్లకు చోటు వదలడం మర్యాద, మనకూ వరస తప్పుతుంది. అయిదింటికి గానీ తొమ్మిది దాటాక గానీ వెళ్లాలి. ప్లేటు సుమారు 250 నుంచి 350 రూపాయలు. ఇద్దరికి ఒకటి చెప్పండి, మొదటిసారి తినేవాళ్లకు ఒక్కరికి పూర్తి ప్లేటు బరువు. ఈ నెలలో పగటిపూట పాతబస్తీలో చాలా హోటళ్లు మూసి ఉంటాయి లేదా పరదా వేసుకుని నడుస్తాయి, పొద్దుటి నిహారీ దారి అప్పుడు చెప్పకండి.

8. సందేశం రాసే పద్ధతి

ఇప్పుడు పేర్లు. ఒక పూటకు ఒక వరస, అందులో ఆరు ముక్కలు: వేళ, హోటల్ పేరు, ఏ బ్రాంచి, ఏం చెప్పాలి, ఎంత చెప్పాలి, రద్దీ ఉంటే పక్కన ఇంకేముంది. ఇలా:

"శనివారం పొద్దున 6:30. షాదాబ్, మదీనా చౌరస్తాది. మటన్ నిహారీ రెండు, కుల్చాలు ఆరు, నలుగురికి. తర్వాత నడుచుకుంటూ చార్మినార్, నిమ్రాలో చాయ్. అత్తయ్యకు గోవింద్ బండిలో తవా ఇడ్లీ ఒక ప్లేటు. మధ్యాహ్నం 12:45 లోపు కేఫ్ బహార్, బషీర్‌బాగ్. మటన్ సింగిల్ రెండు, తర్వాత చూసి ఇంకోటి. అరగంటకు మించి నిలబడాల్సి వస్తే ఆబిడ్స్ తాజ్‌మహల్‌లో మీల్స్. సాయంత్రం 4:30 మోజంజాహీ మార్కెట్. రాత్రి జొన్నరొట్టె, లేకపోతే ఏమీ వద్దు."

గూగుల్ మ్యాప్ పిన్ జతచేయండి. బ్రాంచి పిన్ పెట్టాలి, పేరు వెతుక్కోమంటే వాళ్ల ఫోను దగ్గర్లోని బ్రాంచినే చూపిస్తుంది. పంపే ముందు ఆ హోటల్‌కు ఒకసారి ఫోన్ చేసి తెరిచే ఉందో లేదో కనుక్కోండి. రోడ్డు వెడల్పు పనులకు, పండగలకు మూతపడ్డ చోటు చెప్పి పంపితే తిట్లు మనకే. ఒక్కొక్కరికి పూటకు రెండు చోట్లకు మించి రాయకండి.

బిల్లు గురించి ఒక మాట కలపండి. మామూలు హోటల్లో జీఎస్టీ 5 శాతం. సర్వీస్ చార్జి తప్పనిసరి కాదు. 2022 జూలై 4 నాటి కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాల ప్రకారం దాన్ని బిల్లులో తనంతట తానుగా కలపకూడదు. కలిపితే తీసేయమని అడగవచ్చు, వినకపోతే 1915కు ఫోన్ చేయవచ్చు. పాతబస్తీ బండ్ల దగ్గర యూపీఐ నడుస్తుంది గానీ రద్దీలో నెట్ మొరాయిస్తుంది, 500 రూపాయలకు చిల్లర జేబులో ఉంచుకోమనండి.

9. ఊరికి పట్టుకెళ్లడానికి

కరాచీ బేకరీ ఫ్రూట్ బిస్కెట్లు (మోజంజాహీ మార్కెట్ దగ్గరిది పాతది, 1953), నాంపల్లి సుభాన్ బేకరీ ఉస్మానియా బిస్కెట్లు, పుల్లారెడ్డి మిఠాయిలు. ఇవి రైల్లో పాడుకావు. ఉస్మానియాలు డబ్బాలో ఇచ్చేవే తీసుకోవాలి, కాగితం పొట్లంలోవి ఇంటికి వెళ్లేసరికి పిండి అవుతాయి.

బిర్యానీ పార్శిల్ పట్టుకెళ్తామంటే, ఎండాకాలంలో గంట, రెండు గంటల లోపు తినేదైతేనే. డబ్బా మూతను మొదటి పది నిమిషాలు కాస్త తెరిచి ఉంచాలి, లేకపోతే ఆవిరి నీరై అన్నం ముద్దవుతుంది. పెరుగు చట్నీ విడిగా, ముందు అదే తినేయాలి. హలీం చల్లారితే నెయ్యి పేరుకుని రాయిలా అవుతుంది, పాడైందని పారేయకండి. అడుగు మందంగా ఉన్న గిన్నెలో వేసి, ప్లేటుకు రెండు మూడు చెంచాల వేడినీళ్లు పోసి, సన్నటి సెగ మీద కలుపుతూ ఉంటే మళ్లీ సాగుతుంది. వేయించిన ఉల్లిపాయలు, నిమ్మకాయ పార్శిల్‌లోనే విడిగా అడిగి తీసుకోమనండి, లోపలే వేసి ఇస్తే ఉల్లిపాయ మెత్తబడిపోతుంది.